లోపలి అంచు ఎవడు చూస్తాడు?

ఒరే అబ్బాయిలూ, మీ కార్లకి వెనకాల కెమెరా ఉంది, ముందర కెమెరా ఉంది, డాష్‌బోర్డు మీద మ్యాపు వెలుగుతుంది, తలుపు సరిగ్గా పడకపోతే బండే కేకేస్తుంది. అన్నీ బాగానే ఉన్నాయి. మరి బండిని నేల మీద మోస్తున్న ఆ నాలుగు టైర్ల వైపు వంగి చూసినవాడు మీలో ఎవడైనా ఉన్నాడా? పొద్దున్నపూట వడ్డాదిలో టీ కొట్టు బల్ల మీద కూర్చుంటాను కదా, చోడవరం వైపు వెళ్లేవీ మాడుగుల వైపు వెళ్లేవీ కార్లు ఆగుతాయి. దిగుతారు, ఫోను చూసుకుంటారు, టీ తాగుతారు, మళ్లీ ఫోను చూసుకుంటారు, ఎక్కి పోతారు. చక్రం దగ్గర వంగేవాడు లేడు. మా రోజుల్లో బండి ఆగిందంటే ముందు చక్రాల చుట్టూ ఒక తిరుగుడు, ఆ తర్వాతే టీ.

మా అమ్మ నా చెప్పు మడమ ఏ పక్క అరిగిందో చూసి నేనెలా నడుస్తున్నానో చెప్పేసేది. టైరూ అంతే, అరిగిన తీరు చూస్తే బండి ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. నడిమధ్య మాత్రమే అరిగిందా, గాలి ఎక్కువ పెట్టి తిప్పారు. రెండు అంచులూ అరిగి మధ్య నిలబడిందా, గాలి తక్కువతో చాలాకాలం నడిపారు. ఒక్క అంచే అరిగిందా, చక్రం నిలువునా ఒక పక్కకి వాలి ఉంది, లేదా దారికి సూటిగా కాకుండా ఓరగా తిరిగి ఉంది. అక్కడక్కడ గుంటలు గుంటలుగా తిందా, షాకబ్జర్లు పోయాయి, చక్రం నేలని పట్టుకుని ఉండలేక ఎగిరెగిరి పడుతోంది. అరచెయ్యి పెట్టి టైరు మీద అడ్డంగా నిమిరితే ఒక దిక్కుకి నున్నగా, తిరుగు దిక్కుకి గరగరమంటూ తగిలిందా, టో తప్పింది, అంటే చక్రాలు దారికి ఓరగా తిరిగి ఉన్నాయి. ఇంతమాత్రం తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చెయ్యి మురికవుతుందన్న బెంగ లేకపోతే చాలు. మీకు ఆ బెంగ బాగా ఎక్కువ.

అసలు చిక్కు లోపలి అంచుతో ఉంది. కారు పక్కన నిటారుగా నిలబడి చూస్తే నీకు కనిపించేది టైరు బయటి పక్క. అది నిగనిగలాడుతూ ఉంటుంది, గాడులు లోతుగా ఉంటాయి. లోపలి పక్క కారు పొట్ట కింద చీకట్లో ఉంటుంది. పోయిన సంక్రాంతికి మా మనవడు హైదరాబాద్ నుంచి పెళ్లాం పిల్లలతో కారులో దిగాడు. వాకిట్లోకి వస్తుంటేనే చూశాను, చక్రాలు సూటిగా ఉన్నాయి గానీ వాడి చేతుల్లో స్టీరింగు కాస్త కుడికి తిరిగి ఉంది. ఇదేట్రా అంటే, "అదెప్పుడూ అంతే తాతయ్యా, టైర్లు కొత్తగానే ఉన్నాయి, మొన్ననే అలైన్‌మెంట్ కూడా చేయించాను" అన్నాడు. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పమని, తువ్వాలు నేల మీద పరిచి, మోకాలు ఆనించి, టార్చి వేసి చూశాను. ఎడమ ముందు టైరు లోపలి అంచులో రబ్బరు అయిపోయి సన్నటి తీగలు బయటికి వచ్చేశాయి. ఆ టైరు మీద చంటిపిల్లని కూర్చోబెట్టుకుని రాత్రంతా హైవే మీద వచ్చాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. వాడు మాత్రం ఫోనులో ఫొటో తీసి "అబ్బో" అన్నాడు.

వాడు చూపించిన అలైన్‌మెంట్ కాగితం రంగురంగుల్లో ముచ్చటగా ఉంది, అన్ని గళ్లూ పచ్చగానే ఉన్నాయి. నగరంలో ఏదో పెద్ద షాపు, పేరెందుకు గానీ, ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారట. కాఫీ ఇచ్చారు గానీ చక్రం రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడలేదు. నేను జాకీ ఎత్తించి చూశాను. కింద ఆర్మ్ బుష్షు చిరిగిపోయింది, టై రాడ్ ఎండు లూజుగా ఆడుతోంది. నిలబెట్టిన బండికి యంత్రం కొలత తీసినప్పుడు ఆ కీలు ఒకచోట ఉంది, రోడ్డెక్కి బ్రేకు వేసేసరికి ఇంకోచోటికి జరిగిపోతోంది. అలాంటి బండికి డిగ్రీలో పదోవంతు దాకా కొలిచి ఏం లాభం? చోడవరంలో మాకో మేస్త్రీ ఉండేవాడు, ఎంత తొందర పెట్టినా ముందు ఆ పనే చేసేవాడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఒకసారి, కుడీ ఎడమా పట్టి ఒకసారి ఊపేవాడు. "ముందర లూజు సూడాల బాబూ, లూజున్న బండికి అలైన్‌మెంటేటి" అనేవాడు. లూజు ఉందంటే ఆ సామాను మార్చేదాకా దారం బయటికి తీసేవాడు కాదు.

దారమేమిటని అడుగుతారు మీరు. మా రోజుల్లో అలైన్‌మెంటు అంటే దారం, సుద్దముక్క, మేకు, టేపు. అంతే సరంజామా. అంబాసిడర్ ముందు చక్రాలు జాకీ మీద లేపి, చేత్తో తిప్పుతూ టైరు నడుమ సుద్ద పూసేవాడు. ఆ సుద్ద మీద మేకు కదలకుండా ఆనించి ఇంకో చుట్టు తిప్పితే వెంట్రుకంత గీత పడేది. బండి దించి, కాస్త ముందుకీ వెనక్కీ తోసి, స్ప్రింగులు సర్దుకున్నాక, రెండు చక్రాల గీతల మధ్య ముందు వైపు కొలిచేవాడు. అక్కడ ఒక గుర్తు పెట్టి, చక్రం సగం చుట్టు తిరిగేలా బండిని తోయించి, అదే గుర్తు వెనక్కి వచ్చాక మళ్లీ కొలిచేవాడు. అలా ఎందుకంటే, రిమ్ము ఎక్కడైనా రవ్వంత వంగి ఉన్నా ఆ వంకర రెండు కొలతల్లోనూ ఒకటే అయి కొట్టుకుపోతుంది. ఈ కిటుకు ఏ పుస్తకం చదివి నేర్చుకున్నాడో నాకు తెలీదు, బడికి వెళ్లిన మనిషైతే కాదు. ఆ తర్వాత వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి స్టీరింగు నడిమికి వచ్చిందో లేదో చూసి, రాడ్డు నట్టు వదులు చేసి, రెండు పక్కలా సమానంగా తిప్పి బిగించేవాడు. ఇప్పటి కుర్రాళ్లలో కొందరు ఒక్క పక్క రాడ్డే తిప్పి వదిలేస్తున్నారు. చక్రాలు సరిగ్గానే వస్తాయి, స్టీరింగు మాత్రం వంకరగా నిలబడుతుంది. మా మనవడి బండిలో జరిగింది అదే.

ఆ పనికి సగం పూట పట్టేది. పట్టనీ! ఆ సగం పూటలో బండి ఎలా ఉందో బండివాడికి తెలిసేది. పక్కనే కూర్చుని అన్నీ చూసేవాళ్లం, అడిగేవాళ్లం, గ్రీజు గన్ను పట్టుకుని సాయం చేసేవాళ్లం. అంబాసిడర్ ముందు చక్రాల కీళ్లకి గ్రీజు కొట్టే చోట్లు బోలెడు. గ్రీజు కొట్టడం మానేస్తే కీళ్లు అరుగుతాయి, కీళ్లు అరిగితే చక్రం వాలుతుంది, చక్రం వాలితే టైరు తినేస్తుంది. 2014లో ఉత్తరపారాలో ఆ బండి తయారీ ఆపేశారని విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

మూడు నాలుగు మిల్లీమీటర్లకి ఇంత గోలెందుకు అంటారు కదా, లెక్క చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. రెండు ముందు చక్రాల మధ్య దూరం ముందు వైపు ఎంత, వెనక వైపు ఎంత అని చూస్తే ఉండాల్సిన దానికన్నా 3 మిల్లీమీటర్లు తేడా వచ్చిందనుకో. టైరు అడ్డుకొలత సుమారు 600 మిల్లీమీటర్లు. అంటే వెయ్యికి అయిదు పాళ్లు తప్పింది. బండి కిలోమీటరు నడిస్తే రెండు టైర్లూ కలిసి 5 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు, ఒక్కోటి రెండున్నర మీటర్లు. విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కి 600 కిలోమీటర్ల పైమాటే. ఒక్కసారి వెళ్లేసరికి ఒక్కో ముందు టైరు కిలోమీటరున్నర దూరం తారురోడ్డు మీద అడ్డంగా గీసుకుంటూ వెళ్లిందన్నమాట. రబ్బరు మిగులుతుందా మరి? ఇంజిను కూడా ఆ ఈడ్పుకి పెట్రోలు తాగుతుంది. మీరేమో లీటరుకి ఇంతేనా ఇచ్చేదని కంపెనీని తిట్టుకుంటారు.

చక్రం సూటిగా ఉండాలన్నది కార్లతో వచ్చిన జ్ఞానం కూడా కాదు. మా వడ్డాదినే ఒకప్పుడు ఒడ్డాది అన్న పేరుతో మత్స్యరాజులు రాజధానిగా చేసుకుని ఏలారు. ఆ కాలం నాకు తెలీదు గానీ, నా చిన్నప్పటి దాకా ఈ దారుల్లో తిరిగినవి ఎక్కువగా ఎడ్లబళ్లే. చెరకు గోవాడ ఫ్యాక్టరీకి, బెల్లం అనకాపల్లి మార్కెట్‌కి బళ్ల మీదే వెళ్లేవి. చెక్క చక్రానికి ఇనప కట్టు ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే చుయ్యిమని బిగుసుకునేది. ఇరుసు బిగించేటప్పుడు వడ్రంగి కాడి నడిమి నుంచి రెండు చక్రాలకీ ఒకే తాడుతో కొలిచి చూసేవాడు. ఒక పక్క బెత్తెడు తేడా వచ్చిందా, మళ్లీ విప్పేవాడు. ఇరుసు ఓరగా ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది, ఆ లాగుడంతా ఒక ఎద్దు మెడ మీద పడుతుంది, పుండు పడుతుంది. నోరులేని జీవానికి నొప్పి పుడుతుందని ఆ జాగ్రత్త. ఇప్పుడు ఎద్దు లేదు, నొప్పి టైరుకి, టైరు అరవదు, మీకు పట్టదు.

లారీల్లో అయితే టైర్లు చూసే పనికి ఒక మనిషే ఉండేవాడు, క్లీనరు. మీ తరానికి క్లీనరు అంటే తెలియకపోవచ్చు. లారీ ఆగగానే ఇనపకడ్డీ పట్టుకుని దూకేవాడు. జంట టైర్ల మీద ఒక్కో దెబ్బ వేసుకుంటూ చుట్టూ తిరిగేవాడు. గాలి నిండుగా ఉన్నదానికి ఒక చప్పుడు, తగ్గినదానికి ఇంకో చప్పుడు. నిద్రలో లేపి వినిపించినా ఏది ఏదో చెప్పేవాడు. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని కొట్టి తీసేవాడు, గాడుల్లో దిగిన గులకరాళ్లు మేకుతో పెరికేవాడు, హబ్బు మీద చెయ్యి వేసి వేడి చూసేవాడు. ఏ టైరు ఎలా తింటోందో డ్రైవరుకి వచ్చి చెప్పేవాడు. అలా కొన్నేళ్లు టైర్ల చుట్టూ తిరిగినవాడికే స్టీరింగు చేతికిచ్చేవాళ్లు. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఇప్పుడు చాలా లారీల్లో డ్రైవరొక్కడే, నిద్రకి కూడా తోడు లేడు. కార్లలోనా, నెల రోజులు స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నవాడు స్టెప్నీ ఎలా విప్పాలో తెలియకుండా రాత్రిపూట హైవే ఎక్కుతున్నాడు.

రోడ్ల సంగతి చెప్పకుండా ఎలా? భీమిలి నుంచి సబ్బవరం, చోడవరం, మా వడ్డాది మీదుగా నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు మీద వానాకాలంలో ఒక్కసారి రండి, చూపిస్తాను. మా రోజుల్లో రోడ్లు ఇంతకన్నా బాగుండేవని నేను అనను, అది అబద్ధం అవుతుంది. కంకర రోడ్లు, మోకాటి లోతు దుమ్ము. కానీ గుంతలో చక్రం దిగే వేగం నలభై దాటేది కాదు. ఇప్పుడు ఎనభైలో వచ్చి గుంతలో కొడుతున్నారు. పైగా అందం కోసమని పెద్ద పెద్ద అల్లాయ్ చక్రాలు, వాటికి నాలుగు వేళ్ల మందం రబ్బరు. మా టైరు పక్కలు ఎత్తుగా, మందంగా ఉండేవి, దెబ్బ సగం అవే మింగేవి. ఇప్పుడా దెబ్బ నేరుగా రిమ్ముకి, అక్కడి నుంచి రాడ్డుకి, బుష్షుకి పోతుంది. ఎదురుగా రాయి లారీ వస్తే ఎడమ చక్రాలు తారు అంచు దింపి, అది పోయాక అదే వేగంతో మళ్లీ పైకి ఎక్కిస్తారు. జానెడు ఎత్తు తారు అంచు అది! మా వైపు తిరిగే బళ్లలో ఎడమ ముందు చక్రమే ఎక్కువగా తప్పుతుంది, ఎందుకో ఇప్పుడు అర్థమైందా? ఇక మే నెలలో మోదకొండమ్మ జాతరకి పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లు సరేసరి. ఆ మలుపుల్లో బరువంతా టైరు బయటి అంచు మీద పడుతుంది, గాలి తక్కువుంటే ఆ ఒక్క ప్రయాణానికే అంచు గుండైపోతుంది.

కొత్తదంతా చెడ్డదని నేనననురా, అబద్ధమాడే వయసు కాదు ఇది. మా నైలాన్ టైర్ల కన్నా మీ రేడియల్ టైర్లు ఎక్కువకాలం వస్తాయి, తడి రోడ్డు మీద బాగా పట్టుకుంటాయి. 1946లోనే ఫ్రాన్సులో మిషెలిన్ వాళ్లు కనిపెట్టిన టైరు అది, మన కార్లలోకి రావడానికి చాలాకాలం పట్టింది. అయితే ఆ టైరుతోనే మా కంటి లెక్క పోయింది. దాని పక్కలు మెత్తన, గాలి సరిగ్గా ఉన్నప్పుడు కూడా కింద కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది. కాలితో తన్ని గాలి చెప్పే మా విద్య దాని దగ్గర పనిచెయ్యదు, గేజీ పెట్టి చూడాల్సిందే. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎన్ని పౌండ్లు పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు అంటించి ఉంటుంది, ఒక్కడైనా చదివాడా? బంకులో కుర్రాడు ఏ బండి వచ్చినా ఒకటే అంకె పెట్టి కొట్టేస్తాడు, మీరు అద్దం కూడా దించరు.

బండి పొందిక కూడా మారింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, దానికి ఇంజను బలం ముందు చక్రాలకే. మా అంబాసిడర్‌లో వెనక చక్రాలు తోసేవి, ముందు చక్రాలు దారి చూపించేవి, పని పంచుకునేవి. ఈ బళ్లలో లాగడం, తిరగడం, బ్రేకులో బరువంతా మొయ్యడం అన్నీ ముందు చక్రాల నెత్తినే. అందుకే ముందు టైర్లు వెనకవాటికన్నా తొందరగా అయిపోతాయి. పది వేల కిలోమీటర్లు దాటకుండా ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాలిరా అంటే, "వచ్చే సర్వీసుకి చూద్దాం" అంటారు. ఆ సర్వీసు వచ్చేసరికి ముందువి గుండు, వెనకవి కొత్తవి. అప్పుడు రెండే కొంటారు. అయిదేళ్లకి చూస్తే నాలుగు చక్రాలకి నాలుగు రకాల టైర్లు.

అలైన్‌మెంటు వేరు, బ్యాలెన్సింగు వేరు అని ఎన్నిసార్లు చెప్పినా మీ తలకెక్కదు. ఎనభై దాటగానే స్టీరింగు వణుకుతోందంటే చక్రం బరువు ఒక పక్క ఎక్కువైంది, రిమ్ముకి సీసం ముక్క అంటించి సరిచేస్తారు, అది బ్యాలెన్సింగు. చెయ్యి వదిలితే బండి ఒక పక్కకి పోతోందంటే అలైన్‌మెంటు అనుమానించాలి. అనుమానించాలి అన్నాను, తీర్పు చెప్పమనలేదు. రోడ్డు ఎడమకి వాలుగా ఉంటుంది నీళ్లు పోవడానికి, ఆ వాలుకి ఏ బండైనా కాస్త ఎడమకి జారుతుంది. ఒక టైరులో గాలి తక్కువున్నా లాగుతుంది, ఒక పక్క బ్రేకు పట్టేసినా లాగుతుంది. మా మేస్త్రీ ముందు రెండు టైర్లూ కుడిది ఎడమకీ ఎడమది కుడికీ మార్చి నడిపి చూసేవాడు. లాగుడు కూడా పక్క మారిందంటే దోషం టైరులో ఉంది, రాడ్డు ముట్టుకోనక్కర్లేదు. ఇప్పుడు షాపులో అడగండి, ముందు యంత్రం ఎక్కించి డబ్బు తీసుకుని ఆ తర్వాత మాట్లాడతారు.

ఆ యంత్రం గొప్పదే. చక్రాలకి పలకలు తగిలించి, ఎదుటి కెమెరాలతో టో, కాంబరు, కాస్టరు అన్నీ ఒకేసారి చెప్పేస్తుంది. చక్రం నిలువునా ఎంత వాలిందో, అంటే కాంబరు, స్టీరింగు తిరిగే ఇరుసు ఎంత వెనక్కి వాలి ఉందో, అంటే కాస్టరు, దారంతో తేల్చడం మా తరం కాలేదు, ఒప్పుకుంటాను. స్టీరింగు తిప్పి వదిలితే తనంతట తనే నడిమికి వస్తుందే, అది ఆ కాస్టరు వాలు పుణ్యమే. నా కోపం ఆ యంత్రం మీద కాదు, అది చెప్పింది వినని వాళ్ల మీద. చిన్న కార్లలో చాలావాటికి షాపులో సరిచెయ్యడానికి వీలైంది టో ఒక్కటే. కాంబరు తప్పిందని తెర మీద ఎర్రగా కనిపిస్తే ఏదో వంగింది, లేదా ఏదో అరిగింది అని అర్థం, అదేదో వెతికి మార్చాలి. కొన్నిచోట్ల ఏం చేస్తున్నారో తెలుసా? జాకీ అడ్డం పెట్టి బలవంతంగా ఇనుమునే వంచేస్తున్నారు. అంకె పచ్చగా మారుతుంది, ఇనుములో బలం పోతుంది. కళ్లారా చూశాను, వద్దన్నాను, ముసలాయన చాదస్తం అనుకుని పని కానిచ్చేశారు.

మా రోజుల్లో టైరు అంటే ఆస్తి. అరిగితే రీట్రెడింగ్ చేయించి మళ్లీ వాడేవాళ్లం, అదీ అయిపోతే బండి నుంచి దిగేది గానీ ఇంటి నుంచి పోయేది కాదు. కోసి చెప్పులు కుట్టేవాళ్లు, నూతి దగ్గర చేదలు చేసేవాళ్లు, చక్రంలా దొర్లించుకుంటూ పిల్లలు పెద్దేరు గట్టు దాకా పరిగెత్తేవాళ్లు. లారీ ట్యూబులో గాలి నింపి చెరువులో వేస్తే ఊరి కుర్రాళ్లందరూ దాని మీదే ఈత నేర్చుకున్నారు. ఇప్పుడు ట్యూబే లేదు. పంక్చర్ కొట్లో ట్యూబుని నీళ్లతొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తోందో వెతికే ముచ్చటా లేదు, కేరళ నుంచి వచ్చి మన రోడ్ల పక్కన ఆ కొట్లు పెట్టుకున్నవాళ్ల ఓపికా ఇప్పుడెవరికీ అక్కర్లేదు. పాత టైర్లేమో భోగిమంటల్లో వేసి కాలుస్తున్నారు, ఆ నల్లటి పొగ పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందిరా అని నేను ఏటా అరుస్తూనే ఉంటాను.

2022 ఏప్రిల్‌లో మనది అనకాపల్లి జిల్లా అయింది, అదే ఏడాది ఆగస్టులో అచ్యుతాపురంలో యొకొహామా వాళ్ల టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. పొలాల్లో తిరిగే ట్రాక్టర్లకీ, మట్టి తవ్వే యంత్రాలకీ వేసే టైర్లు అక్కడ చేస్తున్నారు. మన జిల్లా కుర్రాళ్లు టైరు చేసే ఉద్యోగాల్లో ఉన్నారంటే నాకు సంతోషమే. ఆ ఉద్యోగం చేసేవాడైనా ఇంటికెళ్లి తన బండి టైరు లోపలి అంచు తడిమి చూస్తే ఇంకా సంతోషిస్తాను.

సరే, మనవడా, ఇది చదువుతావని మీ నాన్న అన్నాడు కాబట్టి నీకే చెప్తున్నాను. నాలుగు టైర్ల మీదా గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. పక్కనున్న రబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే చట్టం ప్రకారం కూడా ఆ టైరు పని అయిపోయినట్టే. దిమ్మెల్ని టైరు మధ్యలో ఒక్కచోటే కాదు, లోపలి పక్క, నడుమ, బయటి పక్క మూడుచోట్లా చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారం చేసిందని. రబ్బరు నిండుగా ఉన్నా వయసు మీరితే పగుళ్లు వస్తాయి, ఎండలో నిలబెట్టే నీ బండికి మరీ తొందరగా వస్తాయి.

ఈసారి పండక్కి బయల్దేరకముందు షాపుకి వెళ్లి ముందు గాలి పెట్టించు, తర్వాత లూజు చూడమను, బుష్షులూ రాడ్డు ఎండ్లూ నీ కళ్ల ముందు ఊపి చూపించమను, అవి బాగుంటేనే యంత్రం ఎక్కించమను. ఏసీ గదిలో కూర్చోకు, కాఫీ తర్వాత తాగొచ్చు, పక్కన నిలబడి చూడు. రెండు పక్కలా రాడ్డు తిప్పారో లేదో చూడు. సరిచెయ్యకముందు అంకెలున్న కాగితం, చేశాక అంకెలున్న కాగితం రెండూ అడిగి తీసుకో, వచ్చాక నాకు చూపించాలి. పిల్లని ఎక్కించుకునేముందు స్టీరింగు తిప్పి లోపలి అంచు నువ్వే చూడు, మోకాళ్లు బాగున్నది నీకే కదా. స్టెప్నీకి కూడా గాలి పెట్టించు, పోయినసారి దాన్ని నొక్కితే అరచెయ్యి దిగిపోయింది. జాకీ పిడి కొను, అది నీ బండిలో లేదు. జాకీ మాత్రం ఉంది, డిక్కీలో పిల్లల బొమ్మల సంచి కింద, నేనే వెతికి తీశాను, నీకు అదెక్కడుంటుందో కూడా తెలీదు.